నాలుగో గింజ

ములకలపల్లి నుంచి అడవి వైపు పోయే దారిలో మద్దులగుంపు అని చిన్న కోయ పల్లె ఉంది. పల్లెకు తూర్పున వాగు పారుతుంది. వాగవతల లంబాడీ తండా. గుంపులో వాగుకు దగ్గరి ఇల్లు ముత్తక్కది. పత్తి తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరని పేరు. ఆమె తీస్తే సంచిలోకి తెల్లటి దూదే వస్తుంది గాని ఎండాకు తునక ఒక్కటి రాదని చుట్టుపక్కల రైతులకు గురి. తునికాకు కట్ట కట్టినా, మిరపకాయ కోసినా అదే శుభ్రం. ఎక్కువ మాట్లాడదు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. మొగుడు బొజ్జయ్య ఆమెకు వరసకు బావ, చిన్ననాటి నుంచీ ఎరిగిన మనిషి. పిల్లలు కలగలేదు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు.

గోధుమ అంటే ఆమెకు తెలిసిందల్లా షుగరొచ్చినవాళ్ళు రాత్రిపూట తినే రొట్టె. అది తన చెలకలో మొలుస్తుందని ఎన్నడూ అనుకోలేదు. కరోనా తగ్గుముఖం పట్టిన ఏడు, పత్తి తీతలు సాగుతున్న రోజుల్లో, హైదరాబాదు విత్తనాల కంపెనీ జీపు ఒకటి గుంపులోకి వచ్చింది. అందులోంచి దిగిన ఆడపిల్ల పేరు ఆతియా. సొంతూరు కొత్తగూడెం. వాళ్ళ నాన్న మక్సూద్ అక్కడి బజారులో సేమియా ఆడిస్తాడు. ఆమె వ్యవసాయం చదువుకుని, ఒక రకాన్ని ఇంకో రకంతో కలిపి కొత్త వంగడాలు పుట్టించే పనిలో చేరింది. వాగొడ్డున బొజ్జయ్య చెలకలో నిలబడి, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, "ఇక్కడ ఎండ ఎప్పటి నుంచి ముదురుతది?" అని అడిగింది.

"శివరాత్రికి ముందే మాడుస్తది మేడమ్," అన్నాడు బొజ్జయ్య.

"నాకు గసువంటి జాగనే కావాలె."

రవ్వకూ సేమియాకూ పనికొచ్చే గట్టి గోధుమను డ్యూరం అంటారు. చలి ఎక్కువ రోజులు నిలిచే నేలల్లో అది బాగా పండుతుంది. ఇప్పుడు అక్కడ కూడా ఎండలు తొందరపడుతున్నాయి. గింజ పాలు పోసుకునే వేళకు వేడిగాలి తగిలి కంకులు తాలుపోతున్నాయి. ఈ అడవి అంచున, ఈ కొద్దిపాటి చలిలో గింజ నిండితే ఇంకెక్కడైనా నిండుతుందని కంపెనీ ఆలోచన.

ఏజెన్సీ భూమి కాబట్టి కౌలు రాతలు కుదరవు. చెలక బొజ్జయ్యదే, సేద్యం బొజ్జయ్యదే, కరెంటు మోటారు కూడా బొజ్జయ్య పేరు మీదే. కంపెనీ విత్తనం ఇస్తుంది, కూలి ఇస్తుంది. అందులో తప్పు పట్టడానికి అప్పుడు ఎవరికీ ఏమీ కనబడలేదు.

కంకులు పొట్ట పగిలే వేళకు ఆతియాకు మెత్తటి చేతులు కావలసి వచ్చాయి. గుంపులోంచి ముత్తక్కను పిలిచింది. తండాలోంచి హేమ్లి వచ్చింది. హేమ్లి వయసులో చిన్నది, నోరు పెద్దది. మొగుడు లాలు బర్రెలు సాకి ములకలపల్లి హోటళ్ళకు పాలు పోస్తాడు. వాగుకు అటూ ఇటూ ఉండి ముఖాలు తెలిసిన ఆడవాళ్ళే గాని, ఒక పీట మీద కూర్చుని ఒక పని చేయడం ఇద్దరికీ అదే మొదలు.

ఆతియా కంకి ఒకటి తెంపి, మీసాలు కత్తిరించి, పొట్టు విప్పి చూపించింది. గోధుమ పువ్వులో ఆడా మగా ఒక్కచోటే ఉంటాయి. పొట్టు తెరుచుకోకముందే లోలోపల అంతా జరిగిపోతుంది. బయటి రకం పుప్పొడి పడాలంటే, లోపలి పుప్పొడి తిత్తులు పండకముందే వాటిని చిన్న చిమటాతో తీసేయాలి. ఆడభాగానికి గోరు కూడా తగలకూడదు. తీశాక కంకికి కాగితపు సంచి తొడగాలి. రెండు మూడు రోజులాగి, పక్క మడిలోంచి తండ్రి కంకి తెచ్చి, సంచిలోపల తిప్పి దులపాలి.

"గిట్ల ఆకుపచ్చగ ఉన్నప్పుడే తియ్యాలె. పసుపు తిరిగిందంటే అయిపోయినట్టే," అంది ఆతియా.

"పెండ్లికొడుకును పీటల మీదికెళ్ళి లేపుడన్నట్టు," అంది హేమ్లి.

ముత్తక్క కొంగు అడ్డం పెట్టుకుంది. 

మొదటి వారం ఇద్దరూ చాలా కంకులు పాడుచేశారు. తర్వాత చేతులు కుదిరాయి. తండ్రి రకం ఎక్కడిదో ఎడారి దేశపుది. పొట్టి మొక్క, చూడటానికి ఏమంత బాగుండదు. దాన్నే ఎందుకు ఎంచుకున్నావని ముత్తక్క ఒకసారి అడిగింది. ఆతియా కంకిలోంచి ఒక గూడు విడదీసి అరచేతిలో పెట్టింది.

"గీ ఒక్క గూట్ల ఐదారు పువ్వులు పుడతయ్ ముత్తక్కా. కింది రెండు మూడే గింజ కడతయ్. పైవి ఎండిపోతయ్. వాటిని ఎండిపొమ్మని చెప్పే జన్యువు చెట్టులనే ఉంటది."

"తన పిల్లల్ని తనే సంపుకుంటదా?"

"అందరినీ సాకలేనని దాని భయం. గీ రకంల ఆ జన్యువు పుట్టుకతోనే కొంచెం మారింది. ఎండిపొమ్మని గట్టిగ చెప్పలేదు. అందుకే పై పువ్వు బతుకుతది. నాలుగో గింజ కడతది."

ముత్తక్క ఆ గూడును చాలాసేపు చూసింది. ఇంటికి పోయాక బొజ్జయ్యకు చెప్పింది. బొజ్జయ్య చుట్ట ఆర్పి, "మరి నాలుగింటికి పాలేడికెళ్ళి వస్తయ్?" అన్నాడు. ఆతియాకు ఉన్న చిక్కు కూడా అదే. గింజలు పెరిగితే ఒక్కో గింజ సన్నబడుతుంది, ఎండ తగిలితే ముడుచుకుంటుంది. అందుకే తల్లి రకంగా మన దేశపు నడిమి భాగంలో పండే పాత ఎర్ర గోధుమను తెచ్చింది. దానికి గూటికి రెండే గింజలు, కాని లావుగా కడతాయి, ఎండకు ఓర్చుకుంటాయి. ఆ ఓర్పూ ఈ నాలుగో గింజా ఒక్క మొక్కలో కలవాలి. కలిసిన మొక్క వందలో ఒకటో రెండో దొరుకుతుంది.

రెండో ఏడు మొలకలు జానెడు లేవగానే ఒక్కోదాని ఆకు కొస గిల్లి చిన్న గొట్టాల్లో వేసి హైదరాబాదు ల్యాబుకు పంపారు. ఏ మొక్కలో ఆ మార్పు ఉందో కంకి రాకముందే అక్కడ తెలుస్తుంది. లేని మొక్కలకు ఎర్ర దారం కట్టి, పీకేయమంది ఆతియా. పచ్చగా, ఏపుగా ఉన్న మొక్కల్ని పీకడానికి ముత్తక్కకు చేతులు రాలేదు. హేమ్లి పీకింది. ముత్తక్క వాటిని గంపకెత్తి లాలు బర్రెలకు వేయించింది. వృథా పోలేదన్న తృప్తి ఒకటి మిగిలింది.

ఆ ఏడు ఉంచిన మొక్కలు బాగా వచ్చాయి. శివరాత్రి ఎండకు కూడా కంకి వాడలేదు. ఇంకో వారంలో గింజ గట్టిపడుతుందనగా, అడవి పందులు పడ్డాయి. పాలగింజ అంటే వాటికి ప్రాణం. బొజ్జయ్య మంచె మీద డబ్బా కొడుతూనే ఉన్నాడు. ఇటు అరిస్తే అటు దిగాయి. తెల్లారేసరికి మడులు దున్నిన చెలకలా ఉన్నాయి. ఆతియా కొత్తగూడెం నుంచి వచ్చి గట్టు మీద కూర్చుని చున్నీతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ముత్తక్క పక్కన కూర్చుంది. హేమ్లి మడి మడీ తిరిగి, పందులు తొక్కి వదిలేసిన కంకులు ఏరింది. ఆ ఏరిన వాటితోనే మూడో ఏటి పంట మొదలైంది. వానకాలంలో వాటిని నీలగిరి కొండల్లో ఒకసారి పండించి, చలికాలానికి మళ్ళీ మద్దులగుంపుకు తెచ్చారు.

మూడో ఏడు ఆతియా కంకి విప్పి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. గూటిగూటికీ నాలుగో గింజ కట్టింది. కట్టిన గింజ ముడుచుకోలేదు. మంచి వరసలకు తెల్లగుడ్డ పేలికలు కట్టింది. చుట్టూ సోలారు కంచె వేయించమని పైకి రెండుసార్లు అడిగింది. ఈ ఏడు కుదరదన్నారు.

సంక్రాంతి పోయాక ఆమె పైఅధికారి అనిల్‌కుమార్ హైదరాబాదు నుంచి పంట చూడటానికి వచ్చాడు. మర్యాదస్తుడు. బొజ్జయ్యను కూడా మీరు అనే పిలుస్తాడు. చెలక అంతా తిరిగి, కంకులు ఫోటోలు తీసుకుని, పోయే ముందు జీపు వెనక నుంచి సన్నటి ఇనుప తీగ చుట్ట ఒకటి దింపించాడు.

"పోయినసారిలా కాకూడదు బొజ్జయ్య గారూ. ఈసారి పోతే ప్రాజెక్టే ఉండదు."

"గీ వైరు ఎందుకు సారూ?"

"మీ చుట్టుపక్కల రైతులు దేనికి వాడతారో దానికే. ఎలా కాపాడతారో నాకు చెప్పొద్దు. పంట మాత్రం ఉండాలి."

ఆతియా జీపు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆ మాట ఆమెకు వినబడింది. "సార్, అది..." అని మొదలుపెట్టింది. అనిల్‌కుమార్ ఆమె వైపు తిరిగి, "మీకు సీడ్ కావాలా వద్దా?" అన్నాడు. ఆమె జీపెక్కి తలుపు వేసుకుంది. ముత్తక్క మడిలో కలుపు తీస్తూ ఇదంతా చూసింది. నిజం చెప్పాలంటే ఆ తీగ చుట్ట చూసి ఆమెకు భయం వేయలేదు. పందులు మళ్ళీ పడవన్న ధైర్యం కలిగింది.

అడవి అంచు పల్లెల్లో కరెంటు తీగ పెట్టడం కొత్త కాదు. తప్పని అందరికీ తెలుసు, కేసులవుతాయనీ తెలుసు. బొజ్జయ్య జాగ్రత్తపరుడు. చెలకకు అడవి వైపు మాత్రమే మోకాలెత్తున కట్టాడు. చీకటి పడ్డాక మోటారు డబ్బా నుంచి కరెంటు ఇచ్చేవాడు, వెలుగు రాకముందే తీసేవాడు. గుంపులోనూ తండాలోనూ ప్రతి ఇంటికీ పోయి అడవి గట్టు వైపు రావద్దని చెప్పి వచ్చాడు. లాలు నవ్వి, "పంది పడితే నాకో పోగు పెట్టు బొజ్జన్నా," అన్నాడు.

పందులు తెలివైనవి. కొన్నాళ్ళకు అటు మానేసి వాగులోంచి రావడం మొదలుపెట్టాయి. కోతకు ఇంకా కొన్ని రోజులే ఉందనగా ఓ సాయంత్రం బొజ్జయ్య తీగను వాగొడ్డు దాకా పొడిగించాడు. అతనికి రెండు రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇంట్లోకి వచ్చి పడుకుంటూ, "ఏమే, వాగు దిక్కు గూడ కట్టిన. తండాల చెప్పిరా," అన్నాడు.

ముత్తక్క బిందె తీసుకుని వాగుకు పోయింది. అవతలి ఒడ్డున హేమ్లి బట్టలు పిండుతోంది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. మేడారం జాతరకు ఎట్లా పోవాలా అన్న మాట వచ్చింది. బస్సులు కిక్కిరిసి ఉంటాయని హేమ్లి, నిలబడైనా పోదామని ముత్తక్క. ఆ మాటల్లో తీగ సంగతి నాలుక మీదికి వచ్చి ఆగింది. పొద్దున్నే పనికి వస్తుంది కదా, అప్పుడు చెబుదాం, తెల్లవారేసరికి కరెంటు తీసే ఉంటుంది కదా అనుకుంది. నీళ్ళు ముంచుకుని ఇంటికి వచ్చింది.

తెల్లవారుజామున లాలు చూలు బర్రె ఒకటి పలుపు తెంపుకుంది. అది ఎప్పుడు తప్పించుకున్నా వాగు దాటి గోధుమ చెలక వైపే పోతుంది. లాలు దాని వెనక వచ్చాడు. అడవి గట్టు వైపు పోలేదు. వాగు వైపు నుంచే, పోవద్దని ఎవరూ చెప్పని దారినే వచ్చాడు.

కరెంటు తీయడానికి పోయిన బొజ్జయ్య తిరిగి రాలేదు. ముత్తక్క గ్లాసులో టీ పోసుకుని వెతుక్కుంటూ పోయింది. వాగొడ్డున అతను నేల మీద కూర్చుని ఉన్నాడు. లాలు తల అతని ఒళ్ళో ఉంది. తీగ పక్కన పడి ఉంది. బర్రె వాగులోనే నిలబడి ఉంది.

"తీసిన తర్వాత చూసిన," అన్నాడు బొజ్జయ్య. "నేను తీసేటాళ్ళకే అయిపోయింది."

"లే బావా. ఎటన్న పోదాం."

"ఎటు పోతం?" అని అతను కదలలేదు. తండా వాళ్ళు వచ్చి కొడుతున్నప్పుడు కూడా చేయి అడ్డం పెట్టుకోలేదు. కొట్టడం ఆపించింది లాలు అన్నే. పోలీసులు వచ్చేదాకా బొజ్జయ్యను మోటారు గదిలో కూర్చోబెట్టారు. హేమ్లి వచ్చింది. ఏడుపు వినబడలేదు. లాలు పాదాలకు అంటిన బురద తుడిచి, తుడిచి, ఇంకా తుడుస్తూ కూర్చుంది.

లాలును మట్టి చేసిన మర్నాడు తండాలోని పశువులన్నీ గోధుమ చెలకలోకి దిగాయి. తోలినవాళ్ళు గట్ల మీద వరసగా నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. సంగతి తెలిసి ఆతియా బండి మీద వచ్చింది. పశువుల మధ్య నుంచి పరుగెత్తి, తెల్లపేలికలు కట్టిన వరసల్లో పడి, కంకులు గుప్పిళ్ళతో తెంపి చున్నీలో వేసుకోసాగింది. చేతులు కోసుకుపోతున్నాయి.

"ముత్తక్కా, రా. జల్దీ రా, గీ రెండు వరసలన్న తియ్యి," అని కేక వేసింది.

ముత్తక్క తన ఇంటి వాకిట్లో నిలబడి చూస్తోంది. ఆ వరసల్లో ప్రతి మొక్కా ఆమెకు తెలుసు. ఏది మొదట పొట్టకొచ్చిందో, దేనికి మీసాలు నల్లగా తిరిగాయో తెలుసు. అడుగు మాత్రం పడలేదు. ఆతియా మళ్ళీ పిలవలేదు. ఆమెకు దక్కింది ఓ చిన్న మూట. మిగిలిందంతా సాయంత్రానికి పశువుల పొట్టలోకి పోయింది.

బొజ్జయ్యను ఖమ్మం జైలుకు పంపారు. గుంపులో ఉండటానికి భయపడి ముత్తక్క ములకలపల్లిలో మేనమామ కూతురింట్లో తలదాచుకుంది. వారం తిరక్కుండా అనిల్‌కుమార్ అక్కడికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చాప మీదే కూర్చున్నాడు. జరిగింది చాలా ఘోరమన్నాడు. మంచి వకీలును పెడతాం, బెయిలు తెప్పిస్తాం, బొజ్జయ్య మీద పెద్ద సెక్షన్లు పడకుండా చూస్తాం అన్నాడు.

"నన్నేం చెయ్యమంటరు సారూ?"

"పోలీసులు అడిగితే తీగ బొజ్జయ్య గారే కొనుక్కున్నారని చెప్పండి. పంది మాంసం కోసం పెట్టుకున్నారని. ఇక్కడ అందరూ పెట్టేదే కదా. కంపెనీ పేరు వస్తే కంపెనీ వకీలు ఆయన పక్కన నిలబడలేడు. మీ మంచి కోసమే చెబుతున్నాను."

మొగుణ్ణి అడగకుండా మాట ఇవ్వలేనంది ముత్తక్క. ఖమ్మం పోయి ములాకత్‌లో మొగుణ్ణి చూసింది. జాలీ అవతల బొజ్జయ్య సగమయ్యాడు. జ్వరం తగ్గిందన్నాడు. ఆమె సారు చెప్పిన మాట అతనికి చెప్పింది. అతను జాలీ తీగలను వేలితో రాస్తూ విన్నాడు.

"కట్టింది నా చెయ్యే. గది నేను కాదన," అన్నాడు చివరికి. "మాంసం కోసం అంటే మాత్రం అబద్ధం. లాలు నా ఇంట్ల కూడు తిన్నడు. వాని సావు మీద అబద్ధం ఆడి నేను బయటికొచ్చి ఏం జెయ్యాలె?"

"వకీలు రాకుంటే ఏండ్లు పడతదంట."

"పడనీ. నీకు భయమైతే నువ్వేం చెప్పకు. చెప్తే మాత్రం ఉన్నది చెప్పు."

తిరిగి వచ్చి ఆమె ముందు తండాకు పోయింది. లాలు అన్న వాకిట్లోనే ఆపాడు. లోపలి నుంచి హేమ్లి, "రానియ్," అంది. గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం ఎముకలు తేలింది. ముత్తక్క గుమ్మం దగ్గరే కూర్చుని, తీగ ఎవరు తెచ్చారో, ఏమని ఇచ్చారో, ఇప్పుడు ఏం చెప్పమంటున్నారో అంతా చెప్పింది. స్టేషన్లో చెప్పబోతున్నానంది.

హేమ్లి అంతా విన్నది. తర్వాత అడిగింది.

"ఆ దినం పొద్దుగూకే యాల్ల నువ్వు నీళ్ళకొచ్చినవ్. మనం మాట్లాడుకున్నం. వాగు దిక్కు వైరు కట్టినట్టు నీకు ఎరుకేనా అప్పటికి?"

"అవ్. ఎరుకే."

"మరి ఎందుకు చెప్పలే?"

"పొద్దున పనికొస్తవ్ గద, అప్పుడు చెప్దామనుకున్న."

"పొద్దున," అంది హేమ్లి. ముఖం గోడ వైపు తిప్పుకుంది. ముత్తక్క లేచి వచ్చేసింది.

స్టేషన్లో ఎస్సై ఆమె చెప్పింది రాయించుకున్నాడు. వైరు సారు ఇస్తుండగా ఇంకెవరు చూశారని అడిగాడు. ఆతియా మేడమ్ అని చెప్పింది. ఆతియాను పిలిపించారు. ముత్తక్కను వరండాలో కూర్చోబెట్టారు. కిటికీలోంచి మాటలు వినబడుతున్నాయి.

"వైరు కట్టేటప్పుడు నేను అక్కడ లేను సార్. కట్టినట్టు నాకు ఎవరూ చెప్పలేదు," అంది ఆతియా.

"మీ సారు ఇచ్చిండా లేదా?"

"జీపులోంచి సామాన్లు చాలా దింపినారు. అందులో ఏముందో నేను చూడలేదు."

కట్టేటప్పుడు ఆమె లేని మాట నిజమే. చూడలేదన్నది నిజం కాదు. ముత్తక్కకు కోపం రాలేదు. బయటికి వచ్చిన ఆతియా ఆమె ముందు ఆగింది. చేతుల మీద కంకులు కోసిన గాట్లు ఇంకా మానలేదు.

"నన్ను తీసేస్తే గా కంకుల్ని సూసేటోళ్ళు లేరు ముత్తక్కా. మూడేండ్ల పని. నీది గూడ."

ఆతియా బండెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జరిగినవి జరగవలసిన వాటిలాగే జరిగాయి. కంపెనీ మద్దులగుంపుకు మళ్ళీ రాలేదు. పెడతామన్న వకీలూ రాలేదు. భూమి బొజ్జయ్యది, మీటరు బొజ్జయ్యది, కట్టిన చెయ్యి బొజ్జయ్యది. తీగ ఎవరిదో తేల్చే కాగితం ఎక్కడా లేదు. ముత్తక్క మాట ఒక్కటే ఉంది, అది నిందితుడి పెళ్ళాం మాట. అనిల్‌కుమార్ పేరు కేసులోకి ఎక్కలేదు. హేమ్లికి కంపెనీ నుంచి ఏమీ రాలేదు. బర్రెలను ఒక్కొక్కటే అమ్ముకుంది. బొజ్జయ్య ఎండాకాలం, వానాకాలం రెండూ జైల్లో గడిపి బెయిలు మీద వచ్చి, ముత్తక్కను తీసుకుని గుంపుకు చేరాడు. వచ్చినవాడు మాట్లాడటం తగ్గించాడు. కరెంటు డబ్బా దగ్గరికి పోడు. వాగొడ్డు చెలక బీడుపడింది. దున్నుకుంటామని అడిగినవాళ్ళున్నారు, అతనే వద్దన్నాడు. మొగుడూ పెళ్ళాలు ఇప్పుడు మిరప తోటలకు కూలికి పోతారు.

ఈ ఎండాకాలం మొదట్లో ఆతియా వచ్చింది. చిక్కిపోయింది, కళ్ళద్దాలు వచ్చాయి. ఆ మూటలోని కంకులు మొలిచాయట. నీలగిరిలో పెంచి, మూడు రాష్ట్రాల్లో మడులు వేశారట. ఎండ ముందే వచ్చిన చోట కూడా నాలుగో గింజ నిలిచిందట. పక్కన వేసిన రకాలన్నిటికన్నా దిగుబడి ఎక్కువ వచ్చిందట. ఇంకా పెద్ద పరీక్షలున్నాయి, ఇది నిలుస్తుంది అంది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు నేల మీదే ఉంది.

ముత్తక్క మంచినీళ్ళు ఇచ్చింది. "గింజ ముడుచుకోలే?" అని అడిగింది.

"లేదు. లావుగనే కట్టింది."

"మంచిది."

ఆతియా గ్లాసు కింద పెట్టి, "ఆ దినం స్టేషన్ల నేను చెప్పింది... నన్ను మాఫ్ చెయ్యి ముత్తక్కా," అంది.

"గది నన్ను అడిగేది కాదు బిడ్డా. వాగవతలికి పో."

ఆతియా లేచింది. ఆమె జీపు వాగు దాకా పోయింది. నీళ్ళు లేని కాలం, బండి దాటవచ్చు. ఒడ్డున చాలాసేపు ఆగింది. ముత్తక్క వాకిట్లోంచి చూస్తూనే ఉంది. తర్వాత జీపు వెనక్కి మళ్ళి ములకలపల్లి దారి పట్టింది.

కోర్టు కొత్తగూడెంలో. వానలు మొదలైన నెలలో వాయిదాకు సాక్షిగా హేమ్లిని పిలిచారు. బోనులో ఆమె తన మొగుడు ఎట్లా పోయాడో చెప్పింది. వైరు ఎవరు తెచ్చారో నీకు తెలుసా అని బొజ్జయ్య తరఫున కోర్టు పెట్టిన వకీలు అడిగాడు. "ముత్తక్క నాకు చెప్పింది. కంపెనీ సారు తెచ్చిండని చెప్పింది. అది అబద్ధం ఆడదు," అంది. విన్న మాట సాక్ష్యం కాదని సర్కారు వకీలు అన్నాడు. జడ్జి తల ఊపి ఏదో రాసుకుని, కేసును దసరా తర్వాతికి వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఒకటే బస్సు. హేమ్లి ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. ముత్తక్క నాలుగు వరసల వెనక, బొజ్జయ్య చివర. కండక్టరు వచ్చి ఆడవాళ్ళిద్దరికీ సున్నా టికెట్లు కొట్టి, బొజ్జయ్య దగ్గర చార్జీ తీసుకున్నాడు. ములకలపల్లిలో దిగి నడక. హేమ్లి ముందు పోతోంది, వెనక ముత్తక్క, బాగా వెనక బొజ్జయ్య. గుంపు దగ్గరికి వచ్చేసరికి వాన సన్నబడింది. వాగు మోకాలి పైదాకా ఎర్రగా పారుతోంది.

ముత్తక్క ఇంటి వైపు తిరగలేదు. ఒడ్డున ఆగింది. హేమ్లి చీర పైకి దోపుకుని, చెప్పులు చేతపట్టుకుని నీళ్ళలో దిగింది. నడుమ ఒకచోట కాలు తడబడింది, ఆగింది, మళ్ళీ కాలూనింది. అవతలి గట్టెక్కి వెనక్కి చూడకుండా తండా దారిన పోయింది. ఆమె కనబడకుండా పోయాక ముత్తక్క పొయ్యి ముట్టించడానికి ఇంటికి వచ్చింది.